గచ్చు, గార, వెల్ల: తెలుగు నేలపై సున్నపు పూత చరిత్ర

వానకాలంలో నెలల తరబడి నానుతూ, వేసవిలో మండుటెండకు మాడుతూ, తీరప్రాంతంలోనైతే ఏడాది పొడుగునా ఉప్పుగాలి తాకిడికి లోనయ్యే తెలుగు నేలపై ఇటుక గోడకైనా రాతి గోడకైనా పైపూత అవసరం తొలినుంచీ ఉన్నదే. సిమెంటు రాకముందు ఆ పూతకు సామాన్యుల ఇళ్లలో మట్టి, పేడ ఆధారమైతే, గుడులకు, కోటలకు, మేడలకు, కలిగినవారి మిద్దెలకు సున్నం ఆధారమైంది. గోడపై మందంగా పట్టించే ఇసుక, సున్నాల పూతను గార అనీ, నునుపుగా తేల్చి గట్టిపరచిన పనిని, ముఖ్యంగా నేలల్లోనూ అలంకారాల్లోనూ కనిపించే దానిని, గచ్చు అనీ, గార మీద ఏటేటా పలుచగా పూసే సున్నపు నీటిని వెల్ల అనీ వ్యవహరించడం వాడుక. ఈ మూడూ ఒకే పదార్థానికి చెందిన మూడు రూపాలు కావడం వల్ల ఒకదాని ఆయుష్షు మరొకదానిపై ఆధారపడి ఉండేది. తేమ నిండిన వాతావరణంలో సున్నపు గార శతాబ్దాల పాటు నిలవడానికి కారణాలను ఆ పదార్థపు గుణంలోనూ, దానిని సిద్ధం చేసిన పనివారి నేర్పులోనూ, ఇంటివారు క్రమం తప్పకుండా చేసిన పోషణలోనూ వెతకవలసి ఉంటుంది. ఈ మూడింటిలో అన్నిటికన్నా త్వరగా మరుగున పడినది పోషణ.

రాయి, గుల్ల, బట్టీ

సున్నానికి ముడిసరుకు ప్రధానంగా రెండు విధాలుగా దొరికేది. పల్నాడు, కడప, కర్నూలు ప్రాంతాల భూమి పొరల్లో విస్తారంగా ఉన్న సున్నపురాయి మొదటిది కాగా, సముద్రతీరంలోనూ ఉప్పుటేరుల్లోనూ సరస్సుల అడుగునా పేరుకునే నత్తగుల్లలు, ఆలిచిప్పలు రెండవది. రాతి నుంచి వచ్చిన దానిని రాతిసున్నమనీ, గుల్లల నుంచి వచ్చిన దానిని గుల్లసున్నమనీ అంటారు. పల్నాటిలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు నేటికీ పేరున్న ఊరు. పులికాట్ సరస్సు అడుగున మేటలు వేసిన పాతకాలపు గుల్లలనూ, కాకినాడ అఖాతంలో దొరికే గుల్లలనూ సున్నానికి వాడడం ఇటీవలి కాలం వరకు సాగింది. గుల్లల్లో మట్టి పాలు తక్కువ కనుక తెల్లదనంలో గుల్లసున్నానిదే పైచేయి. తాంబూలంలోకి వాడే సున్నమూ మేలిరకం గారకు వాడే సున్నమూ తీరప్రాంతంలో ఈ గుల్లల నుంచే వచ్చేవి. ఈ రెండూ కాక, నల్లరేగడి నేలల్లో మట్టితో కలిసి దొరికే సున్నపు గడ్డలను కాల్చి తీసిన సున్నం రంగులో మాసినట్టుండేది గాని, అందులోని మట్టి అంశం కారణంగా తడిలో కూడా గట్టిపడే గుణాన్ని సంపాదించుకునేది. ఈ గుణం గలిగిన దానిని నిర్మాణశాస్త్రంలో జలసున్నమని అంటారు.

బట్టీలో రాళ్లనో గుల్లలనో కట్టెలతో, బొగ్గుతో వరుసలుగా పేర్చి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే, వాటిలోని కాల్షియం కార్బొనేటు నుంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. శుద్ధమైన కాల్షియం కార్బొనేటు 100 కిలోలు కాలితే మిగిలే పొడిసున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ గాలిలో కలుస్తాయి. బట్టీ నుంచి తీసిన గడ్డలను నీటి తొట్టిలో వేయగానే అవి బుసలు కొడుతూ పగిలి, తొట్టిలోని నీటిని సలసల మరిగించి, చివరకు వెన్న వంటి ముద్దగా మారతాయి. ఆ 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల తడిసున్నమవుతుంది. ఈ ముద్దను వడగట్టి, నీరు ఇంకకుండా గుంటలో వారాలపాటు, వీలైతే నెలలపాటు మాగవేసేవారు. మాగని సున్నంలో నీరు చొరబడని పలుకులు మిగిలిపోయి, గోడకెక్కిన తరువాత వానకాలపు చెమ్మ తగిలినప్పుడు ఒక్కసారిగా ఉబ్బి, గారను పొక్కులుగా పైకి తన్నడమే ఈ జాగ్రత్తకు కారణం.

మాగిన సున్నంలో ఇసుకనూ, అవసరమైన చోట ఇటుకపొడినీ కలిపి గానుగలో రుబ్బేవారు. నేలలో గుండ్రంగా తవ్వి రాళ్లు పరిచిన కాలువలో ఎద్దులు లాగే బరువైన రాతి చక్రం తిరుగుతుంటే, మనుషులు నీళ్లు చల్లుతూ ముద్దను మళ్లీ మళ్లీ చక్రం కిందికి నెడుతుండేవారు; ఇలా తయారైన దానిని గానుగసున్నమనీ డంగుసున్నమనీ పిలిచేవారు. రుబ్బేకొద్దీ సున్నపు కణాలు ప్రతి ఇసుక రేణువు చుట్టూ పట్టి, తక్కువ నీటితోనే జిగురు వచ్చేది. నీరు తగ్గితే ఆరేటప్పుడు గార కుంచించుకోవడమూ, నెర్రెలు విచ్చడమూ తగ్గుతాయి. గోడకెక్కిన సున్నం బట్టీలో తాను పోగొట్టుకున్న బొగ్గుపులుసు వాయువును గాలి నుంచి కొద్దికొద్దిగా తిరిగి తీసుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఈ మార్పుకు కొంత తేమ ఉండి తీరాలి, కాని గార రంధ్రాలు పూర్తిగా నీటితో నిండి ఉంటే గాలి లోపలికి పోలేక మార్పు ఆగిపోతుంది. అందువల్లనే జడివానల్లో చేసిన గార మెత్తగా ఉండిపోవడమూ, ఎండలో ఆరిపోయేలా వదిలేసిన గార పిండిగా రాలడమూ జరుగుతాయి. వానలు వెనుకబట్టిన తరువాత, ఎండలు ముదరక ముందు గార పని పెట్టుకోవడమూ, పచ్చి గోడకు తడి గోనెసంచులు వేలాడదీయడమూ ఈ సూత్రాన్ని అనుభవంతో గ్రహించిన పనివారి పద్ధతులు.

స్తూపం నుంచి గోపురం దాకా

తెలుగు ప్రాంతంలో సున్నపు పూతకు ఆధారాలు బౌద్ధ నిర్మాణాల కాలం నుంచే లభిస్తాయి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వర్ధిల్లిన విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, పెద్ద పెద్ద ఇటుకలతో కట్టిన స్తూపాల మీద సున్నపు గార చేసి తెల్లగా తేల్చేవారని అక్కడి తవ్వకాల్లో తేలింది. ఇటుక ఎంత బాగా కాలినా నీటిని పీల్చుకునేదే కనుక, కృష్ణాతీరపు వానలకు అండం ఆకారంలోని ఆ కట్టడాలను నేరుగా వదిలివేయడం సాధ్యమయ్యేది కాదు. అలంకారానికీ రక్షణకూ ఒకే పూత సరిపోయింది.

గోడల పూతలు, బంధన లేపనాలు సంస్కృత శాస్త్రగ్రంథాల్లోనూ చోటు చేసుకున్నాయి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే ఉంది. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు మొదలైన వాటిని నీటిలో మరిగించి ఎనిమిదో వంతుకు దించి, ఆ కషాయానికి గుగ్గిలం వంటి జిగురు పదార్థాలు చేర్చి, గుడులకు, గోడలకు, బావులకు, ప్రతిమలకు వేడివేడిగా పూయాలని అందులో ఉంది. వజ్రలేపం అచ్చమైన సున్నపు గార కాకపోయినా, చెట్ల కాయల నుంచి తీసిన వగరు రసాలు కట్టడాల పూతలకు పనికివస్తాయన్న ఎరుక ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. తరువాతి కాలపు పనివారు గారలో కలిపిన కరక్కాయ కషాయం ఈ కోవకు చెందినదే.

విజయనగర కాలంలో గార శిల్పం స్థాయికి ఎదిగింది. గోపురాల అడుగుభాగాన్ని రాతితో కట్టి, బరువు తగ్గించడానికి పై అంతస్తులను ఇటుకతో లేపి, ఆ ఇటుకలపైనే దేవతామూర్తులను, ద్వారపాలకులను, యాళీలను, తీగలను సున్నపు ముద్దతో మలిచేవారు. ఇటుక ముక్కలతో స్థూలంగా ఆకారం నిలబెట్టి, దానిపై ముతక గార పట్టించి, అది బిగుసుకునే లోపల మరింత మెత్తని ముద్దతో ముక్కు, కన్ను, నగలు తీర్చి, చివర సన్నని సున్నంతో నునుపు చేసి రంగులు వేయడం ఆ పని వరుస. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పుల మీద 16వ శతాబ్దంలో వేసిన చిత్రాలకు నేలగా అమరినది కూడా సున్నపు గారే. వానకు, ఎండకు నేరుగా ఎదురు నిలిచే గోపురపు బొమ్మలు తరాల తరబడి నిలవాలంటే మరమ్మతు తప్పదని ఆలయ వ్యవస్థకు తెలుసు. దక్షిణాది ఆలయాల్లో సుమారు పన్నెండేళ్లకు ఒకసారి జరిపే కుంభాభిషేకానికి ముందు గోపురాన్ని కడిగి, ఊడిన భాగాలను మళ్లీ మలిచి, రంగులు వేయడం ఆచారంలో భాగమైంది. అంటే గార మరమ్మతుకు క్రతువు ఒక గడువును నిర్ణయించింది.

గోల్కొండ పనివారి గచ్చు

1518 నుంచి 1687 వరకు సాగిన కుతుబ్‌షాహీల పాలనలో గచ్చు పని కొత్త రూపం ధరించింది. ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల కట్టడాల్లో అలంకారానికి జిప్సం ముద్దను విరివిగా వాడేవారు. అది నిమిషాల్లో బిగుసుకుంటుంది, సున్నితమైన చెక్కడాలకు లొంగుతుంది, కాని నీటిలో సున్నపురాయి కంటే నూరు రెట్లకు పైగా ఎక్కువగా కరుగుతుంది. వర్షం తక్కువైన ఎడారి సీమల్లో ఈ లోపం పెద్దగా బాధించదు గాని, నైరుతి రుతుపవనాల జడిలో నెలల తరబడి తడిసే దక్కన్ పీఠభూమిలో బయటి గోడలకు అది నిలవదు. దూరదేశపు అలంకార రీతులను స్వీకరించిన గోల్కొండ పనివారు పదార్థం విషయంలో ఈ నేలకు అలవాటైన సున్నాన్నే పట్టుకున్నారు.

1591లో వెలసిన చార్మినారు లోపలి దేహం నల్లరాయి, డంగుసున్నం. పైకి కనిపించే పూలు, తీగలు, మీనార్ల చుట్టూ తిరిగే అంచులు, చిన్న చిన్న కమానుల వరుసలు అన్నీ సున్నపు గచ్చు. రాతిలో చెక్కితే ఏళ్లు పట్టే నగిషీని గచ్చులో నెలల్లో తీర్చవచ్చు. పైగా పగిలినప్పుడు ఆ భాగాన్నే తీసివేసి తిరిగి మలచవచ్చు. ఇబ్రహీంబాగులోని కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మొదట్లో విచ్చుకున్న పద్మదళాల వరుసలు, 1671లో మూసాఖాన్ కార్వాన్ ప్రాంతంలో కట్టించిన తోలీ మసీదు ముఖభాగంలోని పద్మాలు, కమానుల అల్లికలు ఈ పనితనానికి మేటి నమూనాలు. గుమ్మటం మీద గచ్చు పనికి నిర్మాణపరమైన ప్రయోజనమూ ఉంది: గుండ్రని పైకప్పు మీద పడిన నీరు ఎక్కడా నిలవకుండా జారిపోవడానికి నునుపైన, అతుకులు లేని తొడుగు అవసరం, ఆ తొడుగు ఎండకు వ్యాకోచించి చలికి కుంచించుకునే రాతితోపాటు కొంత సాగగలిగి ఉండాలి. సున్నం సిమెంటు కన్నా మెత్తనిది కావడం ఇక్కడ గుణమే అయింది.

ఆసఫ్‌జాహీ నిజాముల కాలంలో ఈ సంప్రదాయం ‘పైగా’ అనే ప్రభు కుటుంబపు సమాధుల్లో మరింత సన్నబడి, గచ్చులోనే జాలీలుగా, అంటే కిటికీ తెరలుగా, అల్లుకుంది. చౌమహల్లా భవనాల్లో ఐరోపా రీతులతో కలిసింది. 1803లో మొదలై కొన్నేళ్లలో పూర్తయిన కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ పాశ్చాత్య ఆకారంలో ఉన్నా, దాని ఎత్తైన స్తంభాల తెల్లదనం మాత్రం దక్షిణాది సున్నపు మెరుగు పూత ఇచ్చినదే.

కోరమండల్ తీరపు అద్దపు గార

తూర్పుతీరంలో గుల్లసున్నంతో చేసిన మెరుగు గార 18వ శతాబ్దానికి మద్రాసు పేరుతో ప్రపంచానికి తెలిసింది. 1780లో మద్రాసుకు వచ్చిన ఆంగ్ల చిత్రకారుడు విలియం హాడ్జెస్ 1793లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో ఆ నగరపు భవనాలు పాలరాతి కట్టడాల వలె మెరిసే తీరును వర్ణించాడు. ఇటుక స్తంభాన్ని పాలరాయిగా భ్రమింపజేసిన ఈ పూత మూడు పొరలుగా ఉండేది. మొదటి పొర సున్నం, ముతక ఇసుక, బెల్లపు నీళ్లతో సుమారు అర అంగుళం మందాన పడేది. రెండవ పొరలో ఇసుక మరింత సన్నబడి, సున్నం పాలు పెరిగేది. మూడవ పొరకు మేలైన గుల్లసున్నాన్ని ఏరి, కడిగి, కాల్చి, మెత్తని తెల్ల ఇసుకతో కలిపి రాతిమీద వెన్నలా నూరి, అందులో కోడిగుడ్ల తెల్లసొన, పుల్లని పెరుగు, కొద్దిగా నెయ్యి చేర్చేవారు. రెండవ పొర పూర్తిగా ఆరక ముందే మూడవదానిని పలుచగా పట్టించి, బలపపు రాయి పొడి చల్లుతూ, నున్నని గులకరాయితోనో స్ఫటికంతోనో గంటల తరబడి రుద్దేవారు. మెరుగు వచ్చిన తరువాత కూడా పని ముగిసేది కాదు. కొన్ని రోజులపాటు గోడ చెమటపట్టినట్టు తేమను పైకి వదులుతుంటే, ఆ తేమ మచ్చలుగా మిగలకుండా మెత్తని గుడ్డతో ఎప్పటికప్పుడు తుడుస్తూ ఉండేవారు.

ఈ దినుసుల కలయికలో వంటింటి మూఢనమ్మకం ఏదీ లేదని రసాయనశాస్త్రం చెబుతుంది. బెల్లంలోని చక్కెర నీటిలో సున్నపు కరుగుదలను పెంచి, ముద్దకు జారుడు గుణమిచ్చి, తక్కువ నీటితో పని సాగేలా చేస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం సున్నంతో కలిసి బిగువును నెమ్మదింపజేసి పనివానికి వ్యవధినిస్తుంది. గుడ్డు సొనలోని మాంసకృత్తులు గట్టిపడి రంధ్రాలను కొంత పూడుస్తాయి. నేతిలోని కొవ్వు సున్నంతో చర్య జరిపి నీటిలో కరగని కాల్షియం సబ్బుగా మారడం వల్ల వాన చినుకు గోడలోకి ఇంకక జారిపోతుంది. ఇటుకపొడిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసినప్పుడు తడిలోనే గట్టిపడే బంధం ఏర్పడుతుంది. పునాదులకు, నీటి తొట్లకు, మిద్దెలకు ఇటుకపొడి తప్పనిసరి కావడానికి కారణమిదే. అయితే ఈ దినుసులేవీ గోడను పూర్తిగా మూసివేసేవి కావు: ద్రవరూపంలోని నీటిని కొంత అడ్డుకుంటూనే ఆవిరి రూపంలోని తేమను బయటికి పోనిచ్చే పూతను ఇవ్వడమే వీటి ప్రయోజనం.

తీరప్రాంతపు మిద్దె ఇళ్లలో ఇదే పరిజ్ఞానం పైకప్పుకూ విస్తరించింది. టేకు దూలాల మీద పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి, వాటిపై ఇటుక ముక్కలు కలిపిన సున్నాన్ని పరిచి, వరుసగా కూర్చున్న ఆడవారు చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడుతూ, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ దానిని గట్టిపరిచేవారు. మద్రాసు టెర్రస్ అనే పేరుతో తెలుగు జిల్లాల బంగళాల్లోనూ వ్యాపించిన ఈ పైకప్పు గట్టిదనం పూర్తిగా ఆ దెబ్బల మీదే ఆధారపడింది. తాపీ పట్టిన మేస్త్రి పేరైనా అక్కడక్కడ నిలిచింది గాని, గానుగ దగ్గర ముద్ద తోసినవారి, దిమ్మిస కొట్టిన స్త్రీల పేర్లు ఏ శాసనానికీ ఎక్కలేదు.

ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్లు ఈ పద్ధతులను గమనించి శాస్త్రీయంగా పరీక్షించడానికీ పూనుకున్నారు. సున్నాల మీద ఫ్రెంచి ఇంజనీరు వికా రాసిన ప్రామాణిక గ్రంథాన్ని మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె.టి. స్మిత్ 1837లో ఆంగ్లంలోకి అనువదించి, కొత్త ప్రయోగాల ఫలితాలపై తన వివరణలను జోడించాడు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ప్రారంభించి 1852లో పూర్తి చేసిన గోదావరి ఆనకట్ట సున్నపు బంధనంతో కట్టినదే. నీటిలో గట్టిపడే సున్నం గురించిన పరిజ్ఞానం ఎంత పెద్ద అవసరాన్ని తీర్చగలదో ఆ నిర్మాణం చూపింది.

ఏటేటా వెల్ల

సున్నపు గార ఆయుష్షు దానిని చేసిన రోజున నిర్ణయమయ్యేది కాదు. సంక్రాంతికో దసరాకో, పెళ్లి కుదిరినప్పుడో ఇంటికి సున్నం కొట్టించడం తెలుగువారి ఇళ్లలో ఇటీవలి వరకు తప్పనిసరి పని. తాజాగా కాలిన గడ్డలను కుండలోనో తొట్టిలోనో నీటితో విరియబెట్టి, మర్నాటి వరకు ఉంచి, పలుచని గుడ్డతో వడగట్టి, పట్టు కోసం గంజినో తుమ్మజిగురునో కలిపి, పసుపు ఛాయ కనిపించకుండా చిటికెడు నీలిమందు చేర్చి, గోడను తడిపి నారకుంచెతో ఒకసారి నిలువుగా, మరోసారి అడ్డంగా పూసేవారు. అది ఇంటికి పండుగ కళ తేవడంతోపాటు మూడు పనులు చేసేది. మొదటిది, తడిసున్నపు తీవ్రమైన క్షారగుణం వానకాలంలో గోడపై పట్టిన పాచినీ బూజునూ చంపేది. రెండవది, గారలో ఏడాదిలో ఏర్పడిన సన్నని నెర్రెల్లోకి సున్నపు నీరు దిగి, గాలితో కలిసి సున్నపురాయిగా మారి వాటిని పూడ్చేది. సున్నపు గోడ తన పగుళ్లను తానే మాన్పుకుంటుందన్న మాటకు ఆధారం ఇదే. మూడవది, ఏటా పడే ఆ పలుచని పొర వానకు, ఎండకు ముందుగా తాను అరిగిపోతూ లోపలి గారను కాపాడేది.

వెల్ల వేసే రోజే గోడ ఆరోగ్యం పరీక్షకు వచ్చేది. మేస్త్రి తాపీ పిడితో గోడను తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చిన చోట గార ఇటుకను వదిలిందని గ్రహించి, గట్టి అంచు తగిలే వరకు కొట్టివేసి, దుమ్ము దులిపి, ఇటుక నీరు పీల్చడం మానే దాకా తడిపి, పాత గారకు దగ్గరి పాళ్లతో కొత్త గారను పలుచని పొరలుగా ఎక్కించేవాడు. గోడ మొదట్లో నేల చెమ్మ ఎక్కే భాగంలో ఉప్పు తెల్లగా పూసి గార రాలిపోతుంటే, దానిని మొండిగా గట్టి పూతతో కప్పక, రాలిన మేర తీసివేసి మళ్లీ మెత్తని సున్నపు గారే చేసేవారు. ఉప్పును తనలోకి లాగి, కొన్నేళ్లకు తాను రాలిపోయి, ఇటుకను బతికించడమే ఆ గారకు అప్పగించిన పని. ఇంటి ఆకారమూ ఈ పోషణకు తోడ్పడేది: గోడను దాటి ముందుకు వాలిన చూరు వానను గోడ మీద పడనిచ్చేది కాదు, ఎత్తైన అరుగు చిందే నీటిని గార అంచుకు చేరనిచ్చేది కాదు. పెద్ద చూరు, ఎత్తు అరుగు, ఏటి వెల్ల కలిసి ఉన్నంత కాలం గార నిలిచింది.

సిమెంటు రాకతో తెగిన గొలుసు

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు ఎనభై ఏళ్ల తరువాత కోరమండల్ తీరానికే మొదటగా తయారీ రూపంలో చేరింది. దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది. అందుకు ఎంచుకున్న ముడిసరుకు సముద్రపు గుల్లలే కావడం గమనార్హం. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. 1914లో పోర్‌బందర్‌లో ఉత్పత్తి మొదలైన తరువాతే పరిశ్రమ వేళ్లూనింది. సున్నపు బట్టీలకు పేరుపడిన పల్నాటి సున్నపురాయే కాలక్రమంలో సిమెంటు కర్మాగారాలకు తరలింది.

అయినా సున్నం ఒక్కసారిగా కనుమరుగు కాలేదు. స్వాతంత్ర్యానంతరం దశాబ్దాల పాటు సిమెంటు ధర, పంపిణీ ప్రభుత్వ నియంత్రణలో ఉండి, బస్తా కోసం పర్మిట్లు తెచ్చుకోవలసి వచ్చినంత కాలం చిన్న పట్టణాల్లో, పల్లెల్లో గానుగ తిరుగుతూనే ఉంది. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా నియంత్రణ ఎత్తివేసిన తరువాత సిమెంటు ఊరూరా దొరకడంతో గానుగలు మూలపడ్డాయి. నెలలు పట్టే పని రోజుల్లో తెమలడం, ఎవరు కలిపినా ఏదో ఒక గట్టిదనం రావడం, మాగవేయడం, రుబ్బడం వంటి శ్రమ తప్పడం సిమెంటుకు ఉన్న నిజమైన సౌకర్యాలు. కొత్త కాంక్రీటు ఇళ్లకు అది తగిన పూత అన్నదీ వాస్తవమే. చిక్కు వచ్చినది పాత ఇళ్లకు అదే పూత పూసినప్పుడు.

సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ నేల నుంచి, వాన నుంచి తేమను తీసుకుంటూ, దానిని గార గుండా ఆవిరిగా వదులుతూ ఉంటుంది. ఆ గారను కొట్టివేసి దట్టమైన సిమెంటు పూత పూస్తే లోపలికి వెళ్లే దారులు మిగులుతాయి, బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. సిమెంటు ఎండకు పగిలిన సన్నని చీలికల్లోంచి వాన నీరు లోనికి దిగుతుంది. పైకి రాలేని నీటిలోని ఉప్పు పూత వెనుకనే స్ఫటికాలుగా పేరుకుని, ఉబ్బి, పూతను పెచ్చులుగా ఊడదన్నుతుంది. ఊడేటప్పుడు ఆ గట్టి పూత మెత్తని పాత ఇటుక ముఖాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. కొంత చెమ్మ గోడ వెంట పైకి ఎక్కి, మునుపు తడి ఎరుగని ఎత్తులో దూలాల కొసలను కుళ్లబెడుతుంది. ఏటి వెల్ల స్థానంలో వచ్చిన పుట్టీ, ప్లాస్టిక్ స్వభావం గల రంగులు ఆ మూతను మరింత బిగించాయి; రంగు బుడగలుగా లేచి పొరలుగా ఊడటం తీరప్రాంతపు ఇళ్లలో సర్వసాధారణ దృశ్యమైంది. చూరు తగ్గి, గోడలు నేరుగా వానకు ఎదురైన కొత్త ఇంటి నమూనా ఈ కష్టాన్ని పెంచింది.

తిరిగి సున్నం వైపు

చారిత్రక కట్టడాల విషయంలో ఈ పొరపాటును దిద్దుకునే పని ఇప్పటికే సాగుతున్నది. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి కుతుబ్‌షాహీ సమాధుల వద్ద చేపట్టిన పునరుద్ధరణలో, 20వ శతాబ్దపు మరమ్మతుల్లో గుమ్మటాలకు, గోడలకు పూసిన సిమెంటు పొరలను ఓపికగా తొలగించి, సంప్రదాయ పద్ధతిలో సిద్ధం చేసిన సున్నపు గారను మళ్లీ పట్టించారు. 2019 మే నెలలో చార్మినారు మీనార్లలో ఒకదాని నుంచి గచ్చు పెళ్ల ఊడిపడినప్పుడు, దానిని సున్నపు గచ్చుతోనే పూరించవలసి వచ్చింది. ఇటువంటి పనులకు డబ్బు కన్నా ముందు కావలసినవి బాగా మాగిన సున్నం, తొందరపెట్టని గడువు, వేలితో నొక్కి గార బిగువును పసిగట్టగల మేస్త్రి. ఈ మూడూ నేడు అరుదైనవే.

చరిత్ర పొడుగునా చూస్తే సున్నపు గార ఎక్కడా శాశ్వతమని చెప్పుకుని నిలవలేదు. కుంభాభిషేకం గోపురానికి, సంక్రాంతి ఇంటికి గడువు పెట్టి, ఊడిన మేర మళ్లీ మలిచే ఏర్పాటు ఉన్న చోటనే అది నిలిచింది. ఆ ఏర్పాటు తెగిన చోట నాలుగైదు వానకాలాలకే కూలడం మొదలైంది. గానుగసున్నంతో కట్టిన ఇల్లు వారసత్వంగా వచ్చినవారు గోడలు చెమర్చాయని సిమెంటు బస్తా తెప్పించే ముందు, చూరు కారుతున్నదేమో, పునాది చుట్టూ నీరు నిలుస్తున్నదేమో చూసుకోవాలి. ఆ రెండూ సరిచేసి, డొల్లబారిన గారను సున్నంతోనే పూడ్చి, ఏడాదికి ఒక్కసారి వెల్ల వేయించాలి. పాత గోడ అడిగే ఖర్చు అంతే. ఆ ఖర్చును తప్పించుకోవడానికి పూసిన పూతలన్నీ చివరకు అంతకు మించి ఖర్చు పెట్టించాయి.